ఓడ మీద వచ్చే పాలు

మా పాపకు ఏడో నెల. ఆవుపాలు, గేదెపాలు పడవు. ఒక్కసారి పట్టినందుకే పెదవులు వాచి, ఊపిరాడక అల్లాడిపోయింది. నా పాలు నాలుగో నెలకే ఆగిపోయాయి. అప్పటినుంచి, ఆవుపాలు పడని పిల్లలకని డాక్టరు రాసిచ్చిన ప్రత్యేక పాలపొడి ఒక్కటే ఆధారం. అది పరాయి దేశం నుంచి ఓడలో వస్తుందని మొన్నటిదాకా నాకు తెలియదు.

తెల్లాపూర్‌లో మా గేటు పక్కనున్న మందుల షాపతను చెప్పాడు. "స్టాక్ లేదు మేడం. ఆడ లడాయి నడుస్తుంది కదా, ఓడలు చుట్టు తిరిగి వస్తున్నయంట."

"ఎప్పుడొస్తుందండీ?"

"నాకేం ఎరుక? నేనేమన్న కెప్టెన్‌నా మేడం?"

అతను నవ్వాడు. యుద్ధం వార్త వస్తే ఛానల్ మార్చేదాన్ని, ఆ సాయంత్రం ఫోన్‌లో మ్యాపు తెరిచి ఎక్కడో ఉన్న సముద్రాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. కోకాపేటలో ఒకటి, కూకట్‌పల్లిలో ఒకటి, రెండు డబ్బాలు దొరికాయి. బీరువాలో చీరల వెనక పెట్టాను.

మూడో రోజు మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో సి బ్లాకు ఆవిడ అదే డబ్బా ఫొటో పెట్టింది. "మా బాబుకి రేపటివరకే ఉందండి. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్." నేను మెసేజ్ తెరవలేదు. చూసినట్టు తెలియకూడదని పైన నోటిఫికేషన్‌లో కనిపించినంతే చదివాను. బీరువా తాళం ఇంకోసారి లాగి చూశాను.

పాపను చూసుకునే ఆమెది మెదక్ వైపు. బట్టలు సర్దేదీ ఆమే కాబట్టి డబ్బాల సంగతి తెలుసు. ఆమె చెల్లెలు పనిచేసేది సి బ్లాకు వాళ్ళింట్లోనే. రెండు రోజుల తర్వాత వచ్చీరాగానే అంది.

"గా పోరడు పొద్దుగాల్నుంచి ఒకటే ఏడుపంట మేడం."

"డబ్బా ఇచ్చేస్తే మన పాపకో? ఓడ రాకపోతే?"

"డబ్బా ఎవరియ్యమన్నరు? చక్కెర ఇయ్యమా, గట్ల గిన్నెల సగం పోసియ్యి. గింత దానికే పరేషానైతవ్!"

మూత తీశాక నెలలోపే వాడాలని రాసి ఉందన్నాను.

"నెలదాంక మిగుల్తదా ఏంది?"

స్టీలు డబ్బాలో కొలతచెంచాతో పోశాను. ఒక్కో చెంచాకూ పాపకు పట్టాల్సిన ఒక పూట కనిపించి చేయి ఆగేది. సగం అయ్యేవరకు ఆమె నా పక్కనే నిలబడి, తర్వాత తీసుకెళ్ళి చెల్లెలి చేతికిచ్చింది.

సాయంత్రం సి బ్లాకు ఆవిడే వచ్చింది, బాబును భుజాన వేసుకుని. కడిగిన మా స్టీలు డబ్బాలో అడుగున కొంచెం చక్కెర పోసి తెచ్చింది.

"మీకు ఉంచుకున్నారా అండీ?" అని అడిగింది.

"ఉంచుకున్నాను, సగం."

మా ఇంట్లో పనిచేసే ఆమె నా ముఖం వైపు చూసి, పాపను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు గేటు దగ్గర కలిస్తే ఆవిడ ముందుగా ఓడ సంగతే అడుగుతుంది. ఏమీ తెలియలేదంటాను. అది నిజమే. రెండో డబ్బా ఇంకా చీరల వెనకే ఉంది.