వసుంధర గారి కంప్యూటర్ తెర

2007లో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో నాకో చిన్న కంప్యూటర్ రిపేర్ షాపు ఉండేది. ఒక బెంచీ, రెండు పాత మానిటర్లు, నేను. కస్టమర్ రాని రోజున సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడే పని ఉండేది కాదు.

వసుంధర గారు రిటైరైన పిల్లల డాక్టరు. ఒంటరిగా ఉండేవారు. ఒక మంగళవారం డెస్క్‌టాప్‌ను కారులో వేసుకొచ్చారు. పాత వీడియో టేపులను అందులోకి ఎక్కించుకుందామని పెద్ద హార్డ్ డిస్క్ కొన్నారట.

"సగం కూడా చూపించట్లేదు ప్రసాద్. డిస్క్ పాడైందా?"

"డిస్క్ బాగానే ఉంది డాక్టర్ గారూ. బయోస్ పాతది. అప్‌డేట్ చేస్తే సరిపోతుంది."

బయోస్ అంటే మదర్‌బోర్డు మీద గోరంత చిప్‌లో ఉండే ప్రోగ్రాం. ఇలాంటి వాటినే ఫర్మ్‌వేర్ అంటారు. స్విచ్ నొక్కగానే ముందు మేలుకునేది అదే. కీబోర్డునీ మెమరీనీ డిస్క్‌నీ గుర్తుపట్టి, ఆ తర్వాత విండోస్‌కు పగ్గాలు అప్పగిస్తుంది. దాన్ని మార్చేటప్పుడు కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవదు. అందుకే నా ధ్యాసంతా కరెంటు మీదే ఉండేది.

ఫ్లాపీ పెట్టి పని మొదలుపెట్టాను. పాత బయోస్‌ను దాచమంటారా అని ప్రోగ్రాం అడిగింది. ఎప్పటిలాగే వద్దని కీబోర్డు మీద 'ఎన్' అక్షరం నొక్కాను. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. డిస్క్ పూర్తిగా కనిపించింది. ఆవిడ సంతోషంగా తీసుకెళ్లారు.

మర్నాడు పొద్దున్నే ఫోన్.

"అంతా బాగానే పనిచేస్తోంది. కానీ మొదట్లో వచ్చే అక్షరాలు రావట్లేదు."

"ఏ అక్షరాలండీ?"

"మా ఆయన రాసినవి. 'వసూ, కాఫీ తాగావా?' అని వచ్చేది."

ఆవిడ చెబితే అప్పుడు తెలిసింది. ఆ కంప్యూటర్‌ను ఆమె భర్త రామ్మోహన్ గారే అసెంబుల్ చేశారు. కంపెనీ లోగో వచ్చే చోట మనకు నచ్చిన బొమ్మ పెట్టుకునే సదుపాయం కొన్ని బోర్డుల్లో ఉంటుంది. ఆయన మౌస్‌తో చుక్క చుక్కా పెట్టి తెలుగు అక్షరాలు గీసి, ఆ చిప్‌లోకే ఎక్కించారు. ఆయన పోయి మూడేళ్లయింది. నా బెంచీ మీది పాత మానిటర్ వెలిగేలోపే ఆ తెర దాటిపోయి ఉంటుంది. నేను చూడనే లేదు.

"నా వల్లే పోయిందండీ. దాచి ఉండాల్సింది," అన్నాను.

"రోజూ 'తాగుతున్నానండీ' అనేదాన్ని. ఇవాళ కప్పు పట్టుకుని ఊరికే కూర్చున్నాను," అన్నారు.

పాత బయోస్ ఆ బోర్డు తయారుచేసిన కంపెనీ సైట్‌లో దొరికింది కానీ, అందులో ఉన్నది కంపెనీ లోగోయే. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి వాళ్లింటికి వెళ్లాను. పాత డిస్క్‌లో బొమ్మల ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తెరిచాను. ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. టాక్స్ కాగితాల ఫోల్డర్లో ఒక ఫైలు బయటపడింది. ఆయన మొదట గీసి వదిలేసిన ప్రయత్నం కాబోలు. నల్లటి తెర మీద వంకరగా 'వసూ', పక్కన ఒక కామా. అంతే.

"మిగతా అక్షరాలు నేను గీసి కలుపుతాను. తేడా తెలియదు," అన్నాను.

"వద్దు. నువ్వు రాస్తే నువ్వడిగినట్టుంటుంది. ఇంతవరకే పెట్టు."

"సగమే ఉంది కదండీ."

"పిలిస్తే చాలు ప్రసాద్. ఏమడుగుతారో నాకు తెలుసు."

ఈసారి ముందుగా చిప్‌లో ఉన్నదంతా ఫ్లాపీలో దాచాను. ఆ బొమ్మను ఎక్కించి, స్విచ్ ఆవిడనే నొక్కమన్నాను. ఆ పేరు నాలుగు క్షణాలు తెర మీద నిలిచింది. "ఆఁ," అన్నారు ఆవిడ, వంటింట్లోంచి పిలిస్తే పలికినంత మామూలుగా. నేను స్క్రూ డ్రైవర్లు సర్దుకునే నెపంతో తల తిప్పుకున్నాను.

ఎన్నో బోర్డులు బాగుచేశాను గానీ, ఆ నాలుగు క్షణాలను ఎవరైనా చూస్తారని అంతవరకూ నాకు తోచలేదు. మెషీన్‌లో ఏది ముఖ్యమో నాకే తెలుసనుకునేవాణ్ని. ఆ తర్వాత ఎవరు కంప్యూటర్ తెచ్చినా, ముట్టుకునే ముందు వాళ్లనే ఆన్ చేయమనేవాణ్ని. "రోజూ మీకు ఏమేం కనిపిస్తుందో చెప్పండి," అని పక్కన నిలబడేవాణ్ని. కొందరు నవ్వేవారు. చాలామంది, అడిగేవాళ్లు దొరికినందుకేమో, చాలాసేపు చెప్పేవారు.