సున్నా రాని లెక్క

పక్కింటి ఫిజిక్స్ టీచరమ్మ గొంతులో గడ్డకు రేడియో అయోడిన్ మింగింది. ఒంట్లోంచి వచ్చే కిరణాలు ఏడాది బిడ్డకు తగలకూడదని వేరే గదిలో ఉంటోంది. ఆ మందు ఎనిమిది రోజులకోసారి సగమవుతుందట. తలుపు వెనక సుద్దముక్కతో రోజూ లెక్క కడుతుంది. బిడ్డ గడప అవతల నిలబడి చేతులు చాస్తే, తన చేతులు కొంగులో చుట్టేసుకుంటుంది. ఇక ఎత్తుకోవచ్చని డాక్టరు చెప్పి అప్పుడే వారమైంది.

"ఇంకా ఏం లెక్కలే తల్లీ?" అంది అత్తగారు.

"సగంలో సగం మిగులుతూనే ఉంటుందత్తయ్యా. సున్నా రాదు."

"నీ సున్నా వచ్చేసరికి దీనికి పెళ్ళీడొస్తుంది. పట్టుకో!" అంటూ ఆవిడ బిడ్డను చేతుల్లో పెట్టేసింది.

కిరణాలు ఊపిరితో సోకేవి కావని ఊరి పిల్లలందరికీ చెప్పే మనిషి, తన ఊపిరి బిడ్డకు తగలకుండా ముఖం పక్కకు తిప్పుకుని, గట్టిగా హత్తుకుంది.