పద్దెనిమిది పిల్లల తల్లి

ఆ పందుల ఫారంలో ఏ పిల్లను తల్లిగా ఉంచుకోవాలో తేల్చేది పెద్దాయనే. పొద్దున్నే గొంతుక్కూర్చుని, ఒక్కోదాని పొట్ట తడిమి చనుమొనలు చూస్తాడు. దాని తల్లి ఈతకు ఎన్ని పెట్టిందో ఆరా తీస్తాడు. ఇరవై ఏళ్లుగా ఆయనకు కావలసింది ఒకటే, ఎక్కువ పిల్లలు. మొన్న ఆయన ఏరికోరి పెంచిన పంది పద్దెనిమిదింటిని ఈనింది. చనుమొనలు పద్నాలుగే. చూస్తుండగానే ధబ్బున ఒరిగింది. రెండు పిల్లలు దాని కింద పడి నలిగిపోయాయి. పాలసీసా తెచ్చిన కోడలు నొచ్చుకుంది. "ఇదేం తల్లి, మామయ్యా! ఒళ్లు తెలియదా దీనికి?"

"తెలిసింది ఒకటుండేదమ్మా. పిల్లల్ని ముట్టెతో పక్కకు తోసి మరీ మెల్లగా పడుకునేది. తొమ్మిదే ఈనుతోందని నేనే కబేళాకు తోలేశా. ఆ సంతు ఇప్పుడెక్కణ్ణుంచి తేను?" అన్నాడాయన. పాలందని బక్కపిల్లను ఒళ్లోకి తీసుకుని సీసా అందించాడు. అది మూతి తిప్పుకుని, తల్లి వైపు మెడ చాచి అరుస్తూనే ఉంది.