ఎవరిని ఎక్కిస్తున్నావో చూసుకో

మా బావ పోయాడు. ఆదివారం పొద్దున గుడివాడలో, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడట. అంతే. "ఒరే, మీ బావ పలకట్లేదురా" అని అక్క ఫోన్ చేసింది. నేను బందరు నుంచి వెళ్లేసరికి వీధిలో కుర్చీలు వేసేశారు.

మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది. ముందు పోయినవాడి గురించి మిగిలినవాడు నాలుగు మంచి మాటలు చెప్పాలి. ముందు పోయేది నేనేననీ, నా గురించి నాలుగు మంచి మాటలు వెతుక్కోలేక బావ చస్తాడనీ ధీమాగా ఉండేవాణ్ణి. అయిదో తరగతి దాటని నా చేత ఇప్పుడు ఇంత రాయిస్తున్నాడు. పోతూ పోతూ కూడా పని చెప్పే పోయాడు.

బావ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన ఉద్యోగం వదిలాడు గానీ ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. నోటిస్తే నిలువుగా మడిచి వేళ్ల సందున పెట్టుకునేవాడు. పెళ్లి భోజనాల దగ్గర జనం తోసుకుంటుంటే, "లేచేవాళ్లని లేవనివ్వండమ్మా, ఆనక కూర్చుందురు గాని" అని కేకేసేవాడు.

"బావా, రైట్ రైట్ అనడమొక్కటే తక్కువ" అనేవాణ్ణి.

"నిన్ను ఎక్కించుకున్న బస్సు ముందుకెక్కడ కదుల్తుందిరా" అనేవాడు.

బస్సులోకి మనిషినైనా, ఫోన్లోకి యాప్‌నైనా మనవాళ్లు ఎక్కించడమనే అంటారు. ఆ మాట బావకి బాగా పట్టింది. ఫోన్లో ఏదైనా ఎక్కించాలంటే గుమ్మం దగ్గరే ఆపి ఆరా తీసేవాడు. ఎవరు తయారు చేశారు, ఎక్కడ నుంచి వస్తోంది, లోపలికొచ్చి ఏం చూస్తానంటోంది? ఫోన్‌తో పాటు వచ్చిన యాప్‌ల దుకాణంలో తప్ప ఇంకెక్కడా తీసుకునేవాడు కాదు. "బస్టాండులో ఎక్కాలిరా. రోడ్డు మీద చెయ్యూపి పిలిచినవాడి బండెక్కితే, దింపే చోటు వాడిష్టం" అనేవాడు.

ఆ దుకాణంలో కూడా పేరొక్కటే చూసి ఊరుకునేవాడు కాదు. ఒకసారి బెజవాడ బస్టాండులో ఒక పెద్దాయన శ్రీకాకుళం బోర్డు చూసి ఎక్కి కూర్చున్నాడట. ఆయన వెళ్లాల్సింది కృష్ణ ఒడ్డున మన శ్రీకాకుళానికి, ఆంధ్ర మహావిష్ణువు గుడికి. బస్సేమో వైజాగ్ దాటి అవతల శ్రీకాకుళానికి. బావ టికెట్టు కొట్టేముందు అడగబట్టి సరిపోయింది గానీ, లేకపోతే తెల్లారి ఏ దేవుణ్ణి చూసేవాడో! "పేరొకటైతే ఊరొకటవుద్దా?" అని ఆ కథ ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పినప్పుడల్లా, ఈ కథకి టికెట్టెంత బావా అని అడిగేవాణ్ణి.

నా వేళాకోళం పోయినేడు మా మనవరాలి పెళ్లికి ముందు ఆగిపోయింది.

మా ఆవిడ ఫోన్‌కి తెలిసినవాళ్ల నంబరు నుంచి 'పెళ్లి పిలుపు' అని ఒక ఫైలు వచ్చింది. వాళ్ల కార్డు మనదానికన్నా బాగుందేమో చూద్దామని ఆవిడ నొక్కింది. ఇది ఎక్కడిదో తెలియదు, ప్రమాదం కావచ్చని ఫోన్ చెప్పిందట. నా మాటే వినని మనిషి, ఫోన్ మాట వింటుందా? అడిగినవాటన్నిటికీ సరే అంది. కార్డు మాత్రం కనబడలేదు. ఆ ఫోను అక్కడ పడేసి పప్పు రుబ్బుకోవడానికి వెళ్లింది. కాసేపటికి చుట్టాల ఫోన్లు నాకు మొదలయ్యాయి. "మీ శుభలేఖ తెరుచుకోవట్లేదన్నయ్యా" అని.

అక్కా బావా పెళ్లి పనులకని మా ఇంట్లోనే ఉన్నారు. బావ తలెత్తాడు. "మన శుభలేఖలు ప్రెస్సు నుంచి ఇంకా రాందే వీళ్లకేం వచ్చిందిరా?"

చూస్తే, ఆ ఫైలు మా ఆవిడ ఫోన్లోంచి దానంతటదే అందరికీ వెళ్లిపోయింది. బావ వెంటనే ఆ ఫోన్లో నెట్ ఆపి, సిమ్ తీసేశాడు. నా ఫోన్ నుంచి బ్యాంకుకి మాట్లాడి ఆవిడ ఖాతా ఆపించాడు.

"ఇది బ్యాంకు మెసేజీలు చదివి డబ్బు లాగేసుద్ది. మీది పోలేదు, బతికారు. కానీ మీ పేరు చూసి నమ్మి నొక్కినవాళ్ల సంగతేంటి? పెళ్లికి పిలిచి కొంప ముంచినట్టవుద్దిరా" అన్నాడు.

ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాం. దాన్ని ఎక్కించకండి, ఎక్కిస్తే దింపేయండి, బ్యాంకుకి చెప్పండి అని. అందరూ విన్నారు, కోడూరులో మా చిన్నాయన తప్ప. వరసకి చిన్నాయన, వయసుకి నాకన్నా రెండేళ్లే పెద్ద.

"చిన్నాయనా, శుభలేఖ వచ్చిందా? దాన్ని తీసెయ్."

"తీసెయ్యాలా? అంటే పెళ్లికి రావద్దనా?"

"అది కాదు, ఆ శుభలేఖ మాది కాదు."

"మొన్న పిల్ల పెళ్లన్నావు. ఇవాళ శుభలేఖ మాది కాదంటున్నావు. పిలిచి వద్దంటార్రా? అందులో ఏముందో చూసే వదుల్తా!" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

పిన్ని మోకాలి ఆపరేషన్‌కి దాచిన డబ్బంతా ఆయన ఖాతాలోనే ఉంది. ఆ నెలలోనే చేయించాలి. పాపం ఆవిడ గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ సంగతి తెలుసు గనక బావ చొక్కా తొడుక్కున్నాడు. "పదరా. కోపం వచ్చినోడికి ఫోన్లో చెప్తే ఎక్కదు" అన్నాడు. అక్క కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరింది. అవనిగడ్డలో బస్సు మారి కోడూరులో దిగేసరికి ఎండ నెత్తికొచ్చింది.

చిన్నాయన అరుగు మీద కూర్చుని, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి, "అల్లుడుగారూ! వద్దని చెప్పడానికి ఇంత దూరం వచ్చారా?" అన్నాడు.

"పిలవడానికే వచ్చాం మామయ్యా. ముందు ఆ ఫోన్లో ఏముందో కాస్త పైకి చదువు" అన్నాడు బావ, పక్కన కూర్చుంటూ.

"ఇంతసేపు తంటాలుపడి ఎక్కించాను. ఇప్పుడేమో నా మెసేజీలు చూడనివ్వమంటోంది. ఫోన్ నంబర్లన్నీ చూడనివ్వమంటోంది. ఇదిగో, సరే అని..."

"ఆగు మామయ్యా. శుభలేఖని మనం చూడాలా, శుభలేఖ మనల్ని చూడాలా?"

చిన్నాయన వేలు గాల్లోనే ఆగిపోయింది.

"ఎక్కినవాడు సీటడిగితే ఇస్తాం. క్యాష్‌బ్యాగ్ అడిగితే ఇస్తామా?" అన్నాడు బావ. ఫోన్ తీసుకుని వద్దని నొక్కి, నెట్ ఆపి, దాన్ని వెతికి మరీ దింపేశాడు. బ్యాంకుకి ఫోన్ చేసి, డబ్బు పోలేదని చిన్నాయన చెవికే వినిపించాడు. ఈలోగా అక్క లోపలికెళ్లి పిన్నికి బొట్టు పెట్టింది. చిన్నాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ముందే బొట్టు పెట్టి పిలిస్తే ఈ గొడవంతా ఉండేది కాదుగా" అని తప్పు మా మీదికే నెట్టాడు. ఆ పూట మాకు పీతల ఇగురు పెట్టారు. పిన్ని ఆపరేషన్ చేయించుకుంది. ఇప్పుడు గోడ పట్టుకోకుండా నడుస్తోంది.

ఆదివారం బావ ఫోటో, వివరాలు ఉన్న కబురు చుట్టాలందరికీ నేనే పంపాను. ఒట్టి ఫోటోనే, ఎక్కించేదేం కాదు. అయినా ఒక్కరు తెరిస్తే ఒట్టు. ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేశారు. "నువ్వే పంపావా? నిజమేనా?" అని. నిజమే, నేనే పంపాను, నిజమే. నేను కాదంటే బాగుణ్ణన్నట్టు అవతలివాళ్లు అడుగుతుంటే, నాకూ అలాగే ఉంది.

చిన్నాయన ఫోన్ చెయ్యలేదు. మధ్యాహ్నానికి తనే వచ్చేశాడు. వీధిలోనే చెప్పులు విడిచి, ఫోను తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇందులో అల్లుడు పోయాడని ఉందంటున్నార్రా. నేను తెరవలేదు. ముందు మనిషిని చూస్తాను" అని లోపలికి వెళ్లాడు.

ఫోన్ వైపు చూశాను. మసకమసగ్గా బావ మొహం. దాని మీద, నొక్కమని, కిందికి దిగే బాణం గుర్తు.

నేనూ నొక్కలేదు.