మూడో ఏడు దాటిన పుట్టెంట్రుకలు

మా ఇళ్లలో పిల్లవాడి పుట్టెంట్రుకలు మేనమామ ఒడిలోనే తీయాలి. అదీ బేసి ఏట. నా కొడుక్కి మొదటి ఏడు నా ఆపరేషన్‌తో గడిచిపోయింది. మూడో ఏట వేములవాడలో తీయిద్దామనుకున్నాం. ఈలోపు నా ఒక్కగానొక్క తమ్ముడు గల్ఫ్ పోయాడు. అక్కడ సముద్రం ఒడ్డున కడుతున్న అణు కరెంటు ప్లాంటులో వెల్డింగ్ పని.

ఆ ప్లాంటు కథ ఫోన్లో చెప్పేవాడు. ఒక దేశం పునాది వేసి, యుద్ధం రాగానే వదిలేసి పోయిందట. ఏండ్ల తర్వాత ఇంకో దేశం వచ్చి ఆ గోడల మీదే కట్టిందట. అంతా అయ్యాక ఇంధనం దగ్గర ఆగింది. వాడేసిన ఇంధనం మళ్లీ తమకే ఇచ్చేస్తామని రాసిస్తేనే పంపుతామని అమ్మే దేశం, రాసిచ్చేది లేదని కొనే దేశం. బాంబు చేస్తారు, అసలు పంపొద్దని మూడో దేశం బెదిరింపు. ఇంధనం వచ్చేదాకా ఎవరికీ సెలవు లేదని కాంట్రాక్టరు పాస్‌పోర్టులన్నీ బీరువాలో పెట్టి తాళమేశాడు.

ఇక్కడ పిల్లవాడికి రెండు జడలు వేసేదాన్ని. వాకిట్లో ఆడుతుంటే దారిన పోయేవాళ్లు ఆడపిల్లనుకొని పేరడిగేవారు. వాడు ఏడుస్తూ లోపలికి వచ్చేవాడు.

మూడో ఏడు నిండడానికి ఇంకో నెల ఉందనగా వాణ్ని చంకనేసుకొని, తమ్ముణ్ని పంపిన ఏజెంటు దగ్గరికి కోరుట్ల పోయాను.

"నా చేతుల ఏమున్నదక్కా, అది దేశాల లొల్లి" అన్నాడతను.

ఒళ్లు మండిపోయింది.

"గా దేశాలల్ల ఎవ్వలకు అక్కచెల్లెండ్లు లేరా? ఆళ్ల కొట్లాటకు మా తమ్ముణ్ని కట్టేసుడేంది?"

అతను చాయ్ తెప్పించాడు. నేను ముట్టలేదు.

వరుసకు తమ్ముడయ్యేవాళ్ల ఒడిలో కానిచ్చేద్దామంది అత్తమ్మ. నేను ఒప్పుకోలేదు. మూడో ఏడు దాటిపోయింది. ఆ తర్వాత సంతకాలయ్యాయి, ఇంధనం ఓడ వచ్చింది. టీవీలో పెద్దవాళ్లు చేతులు కలిపి నవ్వారు. ఇన్నాళ్లు కుదరని మాట ఇప్పుడెట్లా కుదిరిందో ఒక్కరూ చెప్పలేదు.

తమ్ముడు నెల రోజుల సెలవు మీద వచ్చాడు. పిల్లవాడికి నాలుగో ఏడు. ఐదో ఏటిదాకా ఆగుదామని అత్తమ్మ అంది. అప్పటికి ఏ దేశం ఏమంటుందో ఎవరు చూశారు? మర్నాడే అందరినీ వేములవాడ బస్సెక్కించాను.

క్షౌరం చేసే ఆయన పిల్లవాడి వయసు అడిగి, కత్తి పక్కన పెట్టాడు.

"సరి ఏడు గదా అక్కా, దోషం."

"దోషముంటే గా సంతకాలు ఆపినోళ్లకు తగుల్తది. నువ్వు కత్తి పట్టు" అన్నాను.

ఫోన్లో తప్ప చూసిన గుర్తులేని మామ ఒడిలో పిల్లవాడు గింజుకుంటున్నాడు. తమ్ముడు వాడి తలను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.