యారాలి మూడు తెరలు

మా యారాలు, అంటే మా మరిది భార్య, తన ల్యాప్‌టాప్‌కు రెండు పెద్ద మానిటర్లు తగిలించిన రోజు నాకు అన్నం సయించలేదు. అజీర్తి అని చెప్పాను. అసూయ అని ఎవరైనా చెప్పుకుంటారా?

గుజరాత్‌లోని ఈ వడోద్‌లో మా రెండు కుటుంబాలదీ ఒకే ఇల్లు. మగవాళ్లు సాంచాల మీదికి, అంటే మరమగ్గాల పనికి పోతారు. మేమిద్దరం ముందు గదిలో చెరో మూల కూర్చుని చీరలకు డిజైన్లు వేస్తాం. ఆమె కొత్త కోడలిగా వచ్చినప్పుడు మౌసు పట్టుకోవడం కూడా రాదు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది నేనే. బుద్ధిగా నేర్చుకుంది, ఆ మాట ఒప్పుకుంటాను. మరీ అంత బుద్ధిగా నేర్చుకోకపోయినా నాకేం అభ్యంతరం ఉండేది కాదు.

మాకు పని ఇచ్చేది సలాబత్‌పురాలో చీరల దుకాణం ఉన్న ఒక గుజరాతీ పెద్దాయన. కాకా అంటాం. ఈ వ్యాపారంలో ఒక పద్ధతుంది. వ్యాపారి వచ్చి డిజైన్ వేసేవాళ్ల పక్కన కుర్చీ వేసుకుని, ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో కళ్లారా చూసి ఒప్పుకుంటే తప్ప చీర ప్రింటుకు పోదు. దాన్ని మ్యాచింగ్ అంటారు. ఏళ్ల తరబడి కాకా కుర్చీ నా పక్కనే. నా చాయే తాగేవాడు, నా తెరలోకే చూసేవాడు. యారాలు వేసిన డిజైన్లు కూడా నా ల్యాప్‌టాప్‌లోనే తెరిచి చూపించేదాన్ని.

మానిటర్లు వచ్చాక ఆమె ఎడమ తెర మీద చీర బాడీ, కుడి తెర మీద కొంగు, మధ్యన ల్యాప్‌టాప్‌లో అంచు పరిచి పెట్టింది. చీర మొత్తం ఎదురుగా విప్పినట్టే ఉంది. నా దగ్గరైతే కొంగు చూడాలంటే బాడీని మూసేయాలి. కాకా అటు చూశాడు. లేచి, కుర్చీ ఎత్తుకుని, అవతలి మూలకు పోయాడు. ఈడ్చుకుంటూ పోయినా బాగుండేది, ఆ చప్పుడు మీదైనా విసుక్కునేదాన్ని. పైగా ఈసారి పెళ్లిళ్ల చీరల పని మొత్తం ఒక్కరికే ఇస్తానని, వచ్చే వారం చూసి చెప్తానని అన్నాడు.

నా కడుపు మండిపోయింది. మర్నాడే పాత కంప్యూటర్లు అమ్మే దుకాణానికి పోయి రెండు మానిటర్లు పట్టుకొచ్చాను. నా ల్యాప్‌టాప్‌కు మానిటర్ వైరు పెట్టే చోటు ఒక్కటే ఉంది. దుకాణంవాడు ఒక దారిని రెండు చేసే చిన్న డబ్బా, స్ప్లిటర్ అంటారు, చేతిలో పెట్టి పంపాడు. సరిపోతుందో లేదో యారాలిని అడిగితే తేలిపోయేది. ప్రాణం పోయినా అడగదలచుకోలేదు.

తగిలించాను. రెండు తెరలూ వెలిగాయి. రెండింట్లోనూ ఒకటే కొంగు. ఇందులో బాడీ పెడితే అందులోనూ బాడీయే. వైర్లు అటూ ఇటూ మార్చాను, మానిటర్లను అటూ ఇటూ జరిపాను, దేవుడికి దండం కూడా పెట్టాను. రెండూ కవల పిల్లల్లా ఒకే మొహం వేసుకుని నన్ను చూశాయి. తన మూల నుంచి ఆమె గమనిస్తోందని నాకు తెలుసు. గమనించనట్టు నటిస్తోందని కూడా తెలుసు. దానికి ఇంకా ఒళ్లు మండింది.

చివరికి ఆమే లేచి వచ్చింది.

"అక్కా, ఏమనుకోకు. గా డబ్బా ఉన్న బొమ్మనే రెండు దిక్కుల చూపిస్తది, గంతే. వేరే వేరే బొమ్మలు కావాలంటే రెండో మానిటర్‌కు వేరే తొవ్వ ఉండాలె."

"నాకు తెల్వదా ఏంది? జర చూస్తున్న."

"తెలుసక్కా. నా తాన ఇంకో అడాప్టర్ ఉంది. ఫోన్ చార్జర్ అసొంటి సన్న రంధ్రం ఉంది చూడు, గండ్ల పెడితే నడుస్తది. పెట్టాల్నా?"

నేను కుర్చీ కాస్త పక్కకు జరుపుకున్నాను. ఆమె డబ్బా పీకేసి ఒక మానిటర్‌ను నేరుగా పాత చోట, రెండోదాన్ని అడాప్టర్‌కు కలిపింది. తర్వాత కీబోర్డు మీద ఏవో రెండు మీటలు నొక్కి 'ఎక్స్‌టెండ్' అన్నదాన్ని ఎంచుకుంది. మూడు తెరల మీద మూడు బొమ్మలు! మౌసును కుడికి తోస్తే బాణం ఎడమ తెరలో తేలుతుంటే, సెట్టింగ్స్‌లో తెరల వరస కూడా సరిచేసింది. నా చెయ్యి పట్టుకుని మరీ చూపించింది. ఆమె చెడ్డది అయినా బాగుండేది. మంచిదాన్ని చూసి కుళ్లుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

మరుసటి వారం కాకా వచ్చాడు. నా మూల చూసి కుర్చీ నా పక్కనే వేశాడు. బాడీ, కొంగు, అంచు ఒక్కసారే పరిచి, రంగులు ఒక్కొక్కటే మార్చి చూపించాను. చాయ్ చల్లారిపోయినా ఆయన కళ్లు తిప్పలేదు. పెళ్లిళ్ల చీరల పని నాకే అన్నాడు. గాల్లో తేలిపోయాను. యారాలి వైపు చూడకూడదని అనుకుంటూనే చూశాను.

కాకా గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆమెతో హిందీలో అన్నాడు, "శాబాష్ ఛోటీ, మీ అక్కకు బాగా నేర్పావు."

ఆమె గబగబా తల అడ్డంగా ఊపింది. "లేదు కాకా, నాకే అక్క నేర్పింది. మౌసు పట్టుకోవడం దగ్గర్నుంచి అంతా అక్కే" అని ఆయనకు హిందీలోనే చెప్పింది.

కాకా నవ్వాడు. "మంచి కోడలివి బేటా. పెద్దవాళ్లను ఎలా గౌరవించాలో తెలిసినదానివి" అంటూ మెట్లు దిగిపోయాడు.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆయన దాన్ని మర్యాద కింద జమకట్టాడు. ఆ పూట ఆమె నోరు మూసుకుని ఊరుకుని ఉంటే, జీవితాంతం ఆమెను తిట్టుకుంటూ హాయిగా బతికేదాన్ని.