ఉత్త కాళ్ల రాక్ సింగర్

కొత్త కార్పెట్ వాసన నాకు పడదు. మొన్న సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టగానే ఆ జిగురు వాసన గుప్పుమంది. పదేళ్ల కిందట కోదాడలో నేను చేసిన తప్పు గుర్తొచ్చింది. ప్రభు అన్న ఇప్పుడు లేడు గనుక చెప్పవచ్చు.

మా వైపు రాక్ అండ్ రోల్ పాడి పేరు తెచ్చుకున్నవాడు ప్రభు అన్న ఒక్కడే. త్రిపురారం కూలీల కొడుకు. చర్చి పాటలతో మొదలై టీవీ దాకా వెళ్లాడు. మిర్యాలగూడలో క్రిస్మస్‌కు నేను డ్రమ్స్ వాయిస్తుంటే చూసి, "మా బ్యాండ్ల కొడ్తవా, చెల్లే?" అని అడిగాడు. ఆడపిల్లకు డ్రమ్స్ ఏమిటని నాన్న ముఖం మాడ్చుకున్నాడు. "నీ బిడ్డ చేతులల్ల పాట ఉన్నది కాకా, దాన్ని ఖతం చెయ్యకు" అన్నాడు అన్న. ఆ మాటతో నా బతుకే మారిపోయింది.

నేను చేరిన రెండేళ్లకు ఆయన ఉన్నట్టుండి బూట్లు మానేశాడు. చెక్క పలకల వేదిక వేస్తేనే, దాని మీద ఉత్త కాళ్లతో పాడేవాడు. మొక్కు కాబోలనుకున్నాం. అదే స్టైలనుకుని మే నెల ఎండలో చెప్పుల్లేకుండా తిరిగి కాళ్లు కాల్చుకున్న అభిమానులూ ఉన్నారు.

కోదాడలో ఒక పెళ్లి విందులో పాడటానికి వెళ్లినప్పుడు ఆయన పగిలిన మడమలు చూసి నాకు మనసాగలేదు. అడిగితే వద్దంటాడని, చెప్పకుండా వేదికంతా మందపాటి కొత్త కార్పెట్ పరిపించాను. మురిసిపోతాడనుకున్నాను. ఎక్కగానే ఆగిపోయాడు. "గిదెవరేసిన్రు?" అన్నాడు. నేనేనని గర్వంగా చేయి ఎత్తాను. అప్పటికే గిటార్ మొదలైంది.

రెండో చరణానికి పాట ఒక దిక్కు, నా డ్రమ్స్ ఒక దిక్కు. ప్రభు అన్న తాళం తప్పడమా! "ఏంటండీ, మీ సింగర్ తాగొచ్చాడా?" అని ముందు వరసలో పెళ్లిపెద్ద అరిచాడు. నవ్వులు, ఈలలు. అన్న జనానికి వీపు పెట్టి నా దగ్గరికి వచ్చి, పెద్ద డ్రమ్ మీద అరచేయి ఆనించాడు. రెండు దెబ్బలు ఆగి పాట అందుకున్నాడు. జనం అదేదో కొత్త విన్యాసమనుకుని చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అప్పుడు అర్థమైంది. ఆయన నా డ్రమ్స్ వినడం లేదు. పలకల అదురును కాళ్లతో పట్టుకుంటున్నాడు. ఆ అదురును నేనే కార్పెట్‌తో కప్పేశాను.

వేదిక వెనక నా చెవి దగ్గర మెల్లగా చెప్పాడు: "మూడేండ్లాయె. ఒక చెవి పూర్తిగ పోయింది. రెండోదాంట్ల ఉత్త గుయ్యిమంటది. బయట తెలిస్తే ఇగ ఎవడు పిలుస్తడు?"

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆయనకు నా పెదాలు కనబడేలా ముఖంలో ముఖం పెట్టి అరిచాను: "నాకన్న చెప్పొద్దా అన్నా?"

"నీకు చెప్తే నువ్వు నా కోసం కొడ్తవ్. మరి పాట కోసం ఎవరు కొడ్తరు?"

ఆ తర్వాతి ప్రోగ్రాంలో, వద్దనుకుంటూనే, ఆయనకు అందాలని గట్టిగా బాదాను. పాట మధ్యలో వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ పాటకు ఎంత కావాలో అంతే కొట్టాను. ఇంకో రెండేళ్లు పాడాడు. ఒక్కసారీ తాళం తప్పలేదు.

ఇప్పుడు నా దగ్గర డ్రమ్స్ నేర్చుకునే పిల్లల్లో ఒకమ్మాయికి ఎడమ చేయి సరిగా లేవదు. ఆమె తప్పు కొట్టిన ప్రతిసారీ, అందరికీ చెప్పినట్టే, మళ్లీ మొదటి నుంచి కొట్టమంటాను. వాళ్లమ్మకు నేనంటే గిట్టదు. ఆ పిల్ల మాత్రం ఒక్క రోజు కూడా మానదు.